ఆటిజం ఉన్న పిల్లల్ని మామూలు స్కూల్లో చదివించడం: సీటు అడిగే రోజు నుంచి క్లాసులో కుదురుకునే దాకా

మా బాబుకి ఆటిజం. నాలుగో ఏట తెలిసింది, ఇప్పుడు వాడికి పదకొండు. ఈ ఏడేళ్ళలో మూడు స్కూళ్ళు మారాం. మొదటి స్కూలు వాళ్ళు సీటిచ్చిన రోజు ఇంటికొచ్చి సంతోషంతో ఏడ్చేశాను, రెండు నెలలయ్యాక తెలిసింది ఏంటంటే వాడు రోజులో సగం టైము క్లాసులోనే ఉండట్లేదు, ఆఫీసు రూము బయట బెంచీ మీద కూర్చోబెడుతున్నారు, అటెండెన్స్‌లో మాత్రం ప్రెజెంట్ పడుతోంది. ఎవరూ వాణ్ణి తిట్టలేదు కొట్టలేదు, అందరూ మంచివాళ్ళే, కానీ వాడితో ఏం చెయ్యాలో వాళ్ళకి తెలీదు, నేను చెప్పలేదు, ఎందుకంటే ఏం చెప్పాలో అప్పటికి నాకూ తెలీదు. పోయింది మాత్రం వాడి రెండు నెలలు.

అందుకే ఇందులో సీటు సంపాదించడం గురించి కొంచెమే రాస్తున్నా, సీటొచ్చాక ఏం అడగాలి, ఎలా అడగాలి, అడిగింది జరుగుతోందో లేదో ఎలా చూసుకోవాలి, ఇవే ఎక్కువ ఉంటాయి. ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల కమిటీ 2016లో ఇన్‌క్లూజివ్ ఎడ్యుకేషన్ మీద ఒక వివరణ ఇచ్చింది, అందులో నాలుగు పరిస్థితుల్ని విడదీసి చెప్పారు. అసలు చేర్చుకోకపోవడం ఒకటి. వేరే గదిలోనో వేరే స్కూల్లోనో పెట్టడం రెండు. చేర్చుకుని "మా పద్ధతికి నువ్వే సర్దుకో" అనడం మూడు. పిల్లాడికి తగ్గట్టు స్కూలే పాఠం, గది, పరీక్ష మార్చుకోవడం నాలుగు. ఆ నాలుగోదే ఇన్‌క్లూజన్. మా వాడి మొదటి స్కూలు మూడోది అనుకున్నా, నిజానికి రెండోదే.

స్టెప్ 1: రిపోర్టు చేతిలోకి తెచ్చుకోండి, కానీ దాని కోసం ఆగిపోకండి

ఆటిజంని తేల్చే రక్తపరీక్ష గానీ స్కానింగ్ గానీ లేదు. పిల్లాడు ఆడుకునే తీరు, మాట్లాడే తీరు చూసి, చిన్నప్పటి నుంచి ఎలా పెరిగాడో మిమ్మల్ని అడిగి, డాక్టరో సైకాలజిస్టో చెప్తారు. ముందు చెవి పరీక్ష మాత్రం తప్పకుండా చేయించండి, పిలిస్తే పలకకపోవడానికి వినికిడి లోపం కూడా కారణం కావొచ్చు. మరీ చిన్నపిల్లలైతే, అంటే 16 నుంచి 30 నెలల లోపు, ఎం-చాట్ అని 20 ప్రశ్నల స్క్రీనింగ్ ఉంది, తల్లిదండ్రులే నింపొచ్చు, అయితే అది అనుమానం ఉందో లేదో చెప్తుంది అంతే, ఆటిజం ఉందని తేల్చదు.

రిపోర్టులో లెవెల్ 1, 2, 3 అని రాస్తారు. 2013లో వచ్చిన డీఎస్ఎం-5 పద్ధతి అది, డీఎస్ఎం అంటే ఏ సమస్యని ఎలా గుర్తించాలో చెప్పే అమెరికా మానసిక వైద్యుల పుస్తకం. ఆ అంకె పిల్లాడికి ఎంత సాయం కావాలో చెప్పేది, తెలివి ఎంతో చెప్పేది కాదు. చాలామంది ప్రిన్సిపాళ్ళు లెవెల్ 2 అని చూడగానే "చదవలేడు" అని అనేసుకుంటారు, అక్కడే మెల్లగా సరిదిద్దండి. రిపోర్టు రాసేటప్పుడే డాక్టర్ని ఒకటి అడగండి: పిల్లాడు ఏం చెయ్యలేడో ఒక్కటే కాకుండా ఏం చెయ్యగలడో, స్కూల్లో ఏ ఏర్పాట్లు కావాలో కూడా రాయమని. ఆ ఒక్క పేరా తర్వాత ప్రతి మీటింగ్‌లో పనికొస్తుంది.

అపాయింట్‌మెంట్ ఆర్నెల్ల తర్వాత ఉందంటే ఆ ఆర్నెల్లూ ఊరికే కూర్చోకండి. బొమ్మల టైమ్‌టేబుల్ పెట్టడానికి, చిన్న వాక్యాలతో మాట్లాడటానికి ఎవరి సర్టిఫికెట్టూ అక్కర్లేదు. ఇంకో మాట, ఈ టైములోనే "పూర్తిగా నయం చేస్తాం" అనేవాళ్ళు తగులుతారు. ఆటిజంని పోగొట్టే మందు లేదు. టీకాల వల్ల వస్తుందని అనుమానం రేపిన 1998 నాటి పరిశోధన పత్రాన్ని లాన్సెట్ అనే వైద్య పత్రిక 2010లో వెనక్కి తీసేసుకుంది. ఒంట్లో లోహాలు తీసేస్తామనే చికిత్సలు ప్రాణాల మీదికి తెస్తాయి. ఆ డబ్బు, ఆ ఓపిక స్కూలు కోసం దాచుకోండి.

స్టెప్ 2: రెండు వారాలు చూసి ఒక పేజీ రాయండి

నన్ను అడిగితే మొత్తంలో ముఖ్యమైన పని ఇదే. నలభై పేజీల రిపోర్టు ఏ టీచరూ చదవరు, చదవలేదని తప్పు పట్టలేం, ఆవిడకి క్లాసునిండా పిల్లలున్నారు. ఒక్క పేజీ అయితే చదువుతారు, టేబుల్ సొరుగులో పెట్టుకుంటారు, సెలవు పెట్టినప్పుడు వేరే టీచర్‌కి ఇస్తారు.

రెండు వారాలు ఫోన్లో నోట్ చేసుకుంటూ పోండి. ఏం చూస్తే మొహం వెలుగుతుంది, ఏ చప్పుడుకి చెవులు మూసుకుంటాడు, కోపం రాబోతోందని ముందు ఏం చూసి తెలుస్తుంది, ఏం చేస్తే కుదురుకుంటాడు. తర్వాత పిల్లాడే చెప్తున్నట్టు రాయండి. మా వాడి రెండో స్కూలుకి ఇచ్చింది ఇలా ఉండేది:

"నాకు లిఫ్టులంటే ప్రాణం. లిఫ్టు బొమ్మ ఉన్న కార్డు చూపిస్తే మీ దగ్గరికి వస్తాను. మీ కళ్ళలోకి చూడకపోయినా మీరు చెప్పేది వింటున్నాను. ఒకసారి ఒక్క పనే చెప్పండి, చెప్పాక పది సెకన్లు ఆగండి, ఆగకుండా మళ్ళీ చెప్తే నేను మొదటి నుంచి వినాలి. చేతులు ఊపుతుంటే సంతోషంగా ఉన్నానని, ఆపొద్దు. చొక్కా కాలరు కొరుకుతుంటే భయం మొదలైందని, అప్పుడే నన్ను నిశ్శబ్దంగా ఉండే చోటికి తీసుకెళ్ళండి, ఐదు నిమిషాలు ఆగితే ఆలస్యమైపోతుంది. అరుస్తున్నప్పుడు నాకు మాటలు అర్థం కావు, ఏం చెప్పకుండా పక్కన ఉండండి చాలు. బాత్రూముకి వెళ్ళాలంటే అడగను, లేచి తలుపు దగ్గర నిలబడతాను."

ఆ ఆఖరి లైను లేకపోతే ఏమవుతుందో ఆలోచించండి. తలుపు దగ్గరికి వెళ్ళిన ప్రతిసారీ "వెళ్ళి కూర్చో" అంటారు, కాసేపటికి బట్టలు పాడవుతాయి, "టాయిలెట్ ట్రైనింగ్ లేదు" అని డైరీలో రాస్తారు.

స్టెప్ 3: మీ దేశంలో చట్టం ఏమంటోందో రెండు లైన్లలో చెప్పగలిగేలా ఉండండి

2006లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒప్పందంలో 24వ అధికరణం చదువు గురించి. వైకల్యం ఉందని మామూలు విద్యావ్యవస్థ నుంచి ఎవర్నీ బయట పెట్టకూడదని అందులో ఉంది. తగిన ఏర్పాట్లు చెయ్యనంటే అదే వివక్ష అని అదే ఒప్పందంలోని 2వ అధికరణం చెప్తుంది. ఆ మాట గట్టిగా గుర్తుపెట్టుకోండి, మనం అడిగేది దయ కాదు.

దీన్ని ఒక్కో దేశం ఒక్కోలా చట్టంలోకి తెచ్చుకుంది. ఇండియాలో 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజం ఉంది, 16వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ నిధులో గుర్తింపో ఉన్న స్కూళ్ళు వివక్ష లేకుండా చేర్చుకోవాలి, అవసరానికి తగ్గ ఏర్పాట్లు చెయ్యాలి, వైకల్యం 40 శాతం గానీ అంతకంటే ఎక్కువ గానీ అని సర్టిఫికెట్ ఉంటే 31వ సెక్షన్ కింద 6 నుంచి 18 ఏళ్ళ దాకా ఉచిత విద్య హక్కు కూడా ఉంది. అమెరికాలో 1975 చట్టంతో ఐఈపీ మొదలైంది, అంటే ఆ పిల్లాడి ఒక్కడి కోసం రాసే చదువు ప్లాను, ఇప్పుడు దాన్ని ఐడియా చట్టం అంటారు, తల్లిదండ్రులు లిఖితపూర్వకంగా ఎవాల్యుయేషన్ అడగొచ్చు, ప్లాను రాసే టీమ్‌లో తల్లిదండ్రులు కూడా సభ్యులే. ఇంగ్లండ్‌లో 2014 చట్టంతో వచ్చిన, చదువు, ఆరోగ్యం, సంరక్షణ మూడూ కలిపి రాసే ఈహెచ్‌సీ ప్లాన్ 25 ఏళ్ళ వయసు దాకా నడవొచ్చు. మీరున్న చోట వెతకాల్సినవి మూడు: చేర్చుకోనంటే ఎవరికి చెప్పుకోవాలి, ఏర్పాట్లు రాతపూర్వకంగా ఎలా అడగాలి, వాటికి ఏ సర్టిఫికెట్ కావాలి. ఈ మూడూ ఒక కాగితం మీద రాసి ఫైల్లో పెట్టుకోండి, మొదటి రోజే బయటికి తీయక్కర్లేదు.

స్టెప్ 4: స్కూలు చూడ్డానికి వెళ్ళినప్పుడు

పిల్లాణ్ణి తీసుకెళ్ళకుండా ముందు మీరొక్కరే వెళ్ళండి, అదీ ఇంటర్వెల్ టైముకి. ఆఫీసు రూములో అన్ని స్కూళ్ళూ ఒకలాగే ఉంటాయి, ఇంటర్వెల్ అప్పుడు కారిడార్‌లో నిలబడితే అసలు స్కూలు కనిపిస్తుంది. బెల్లు ఎంత గట్టిగా ఉంది, పిల్లలు ఎలా తోసుకుంటున్నారు, ఒంటరిగా నిలబడ్డ పిల్లాణ్ణి ఏ టీచరైనా పలకరిస్తున్నారా, గేటు ఎప్పుడూ మూసి ఉంటుందా.

గేటు సంగతి ఎందుకంటే ఆటిజం ఉన్న పిల్లల్లో చాలామంది ఉన్నట్టుండి బయటికి వెళ్ళిపోతారు, నీళ్ళంటే ఆకర్షణ ఎక్కువ, అలా వెళ్ళిన పిల్లలు నీళ్ళలో పడి చనిపోవడం నిజంగా జరుగుతోంది. స్కూల్లో గానీ దగ్గర్లో గానీ స్విమ్మింగ్ పూల్, చెరువు, నీళ్ళ సంపు ఉన్నాయేమో చూసుకోండి. పిల్లాడు కనిపించకపోతే ముందు అక్కడే వెతకాలని స్కూలుకి చెప్పండి. వీలైతే ఈత కూడా నేర్పించండి.

ప్రిన్సిపాల్‌ని "మీరు ఆటిజం పిల్లల్ని తీసుకుంటారా" అని అడగకండి, అవును కాదు అని జవాబొస్తుంది, దాంతో మనకేం తెలీదు. "ఇలాంటి పిల్లాడు క్లాసులో అరిచినప్పుడు పోయినసారి మీరేం చేశారు" అని అడగండి. ఒకావిడ చెప్పిన జవాబు ఇప్పటికీ గుర్తుంది నాకు: "మొదట్లో తప్పే చేశాం మేడమ్, బయటికి పంపాం, తర్వాత వాళ్ళమ్మని అడిగి నేర్చుకున్నాం". మా వాడు ఇప్పుడు చదువుతోంది ఆవిడ స్కూల్లోనే. అన్నీ తెలుసు అనే స్కూలు కంటే అడిగి తెలుసుకునే స్కూలు మేలు.

స్టెప్ 5: ఆటిజం అని ముందే చెప్పాలా?

చెప్పండి. దాచిపెట్టి చేర్పించిన వాళ్ళని చూశాను, మొదటి వారంలోనే బయటపడుతుంది, అప్పటిదాకా పిల్లాడు చేసినవన్నీ అల్లరి కింద లెక్కేస్తారు. పైగా ఏర్పాట్లు అడగాలంటే చెప్పక తప్పదు. చెప్పేటప్పుడు లోపాల చిట్టా విప్పకుండా ఆ ఒక్క పేజీ ఇచ్చి, మూడే మూడు ఏర్పాట్లు అడగండి. పది అడిగితే భయపడతారు, ఒకటీ జరగదు. మేము అడిగినవి: తలుపుకీ కిటికీకీ దూరంగా గోడ పక్కన సీటు, బెంచీ మీద బొమ్మల టైమ్‌టేబుల్, అవసరమైనప్పుడు వెళ్ళి కూర్చోడానికి ఒక నిశ్శబ్దమైన మూల. డబ్బు ఖర్చయ్యేది ఒక్కటీ లేదు అందులో.

మీటింగ్ అయిన రోజు సాయంత్రమే ఒక మెయిల్ పెట్టండి, "ఈరోజు మాట్లాడుకున్నవి ఇవి, ఫలానా తారీఖు నుంచి మొదలుపెడదాం అన్నారు, థాంక్యూ" అని. కొట్లాట కోసం కాదు ఇది, టీచర్ మారినా మాట నిలబడటం కోసం.

స్టెప్ 6: మొదటి రోజుకి ముందే మొదలుపెట్టండి

స్కూలు ఖాళీగా ఉన్నప్పుడు రెండు మూడుసార్లు తీసుకెళ్ళి గేటు, క్లాసు, బాత్రూము, టీచర్ ఫోటోలు తీసి చిన్న పుస్తకం కుట్టండి. కారల్ గ్రే అనే టీచర్ 1990ల మొదట్లో సోషల్ స్టోరీస్ అని ఒక పద్ధతి తెచ్చారు, ఏం జరుగుతుందో ఎందుకు జరుగుతుందో పిల్లాడి వైపు నుంచి చిన్న చిన్న వాక్యాల్లో చెప్పడం. "బెల్లు మోగుతుంది. బెల్లు గట్టిగా ఉంటుంది. బెల్లు ఆగిపోతుంది. నేను చెవులు మూసుకోవచ్చు." ఇంతే ఉంటుంది. యూనిఫామ్ కొత్తది గరగరలాడుతుంది, నాలుగైదు సార్లు ఉతికి, మెడ దగ్గర లేబుల్ కత్తిరించి, ఇంట్లోనే వారం రోజులు తొడగండి. మొదట్లో రోజుకి రెండు గంటలే పంపుతామంటే తప్పు లేదు, కానీ ఫుల్ డే ఎప్పటికి అవుతుందో తారీఖు రాయించుకోండి, లేకపోతే ఆ రెండు గంటలే ఏడాదంతా సాగుతాయి.

స్టెప్ 7: క్లాసులో ఏం మారాలి

నార్త్ కరోలినా యూనివర్సిటీలో ఎరిక్ షాప్లర్ బృందం తయారుచేసిన టీచ్ అనే పద్ధతిలో ఒక మంచి ఆలోచన ఉంది, పిల్లాడికి ఏ పని ఇచ్చినా నాలుగు ప్రశ్నలకి జవాబు కంటికి కనపడాలి: ఏం పని, ఎంత పని, అయిపోయిందని ఎలా తెలుస్తుంది, తర్వాత ఏంటి. "లెక్కలు చెయ్యి" అంటే వీటిలో ఒక్కదానికీ జవాబు లేదు. ఐదు లెక్కలున్న కాగితం, ఒక్కోటి అయ్యాక టిక్ పెట్టే గడి, కాగితం వేసే ట్రే, పక్కన లిఫ్టు బొమ్మ. ఇప్పుడు నాలుగూ ఉన్నాయి. ఇలా ఇస్తే మా వాడు చేశాడు, నోటితో చెప్తే చెయ్యలేదు, రెండింటిలోనూ అవే లెక్కలు.

బొమ్మల టైమ్‌టేబుల్ అలాంటిదే. ఇప్పుడు తెలుగు, తర్వాత లెక్కలు, తర్వాత ఆటలు అని కార్డులు వరసగా అంటించి, అయిపోయింది తీసేస్తూ ఉండాలి. ప్రోగ్రాం మారితే చెప్పడం కాదు, కార్డు మార్చి చూపించాలి. టీచర్ రాకపోతే "ఈరోజు వేరే" అని ఒక కార్డు ముందే తయారు పెట్టుకోవాలి. కార్డులు వద్దు పెద్దోడయ్యాడు అంటారు కొన్నాళ్ళకి, బొమ్మల బదులు రాత పెట్టండి, తీసెయ్యొద్దు, మనమూ క్యాలెండర్ చూసుకునే బతుకుతున్నాం కదా.

మాట విషయంలో ఒకటి చెప్పాలి. మన భాషలో ఉన్నదున్నట్టు తీసుకుంటే అర్థం మారిపోయే మాటలు ఎన్నో. ఒకసారి టీచర్ పుస్తకాలు సర్దుతూ "రారా, నువ్వూ ఓ చెయ్యి వెయ్యి" అన్నారట, మా వాడు వెళ్ళి పుస్తకాల దొంతర మీద అరచెయ్యి ఆనించి అలాగే నిలబడ్డాడు, పొగరు అనుకున్నారు. వాడు చెప్పింది చెప్పినట్టు చేశాడు. అలాగే "నీళ్ళు కావాలా" అని వాడు మనల్ని అడుగుతుంటే వాడికే నీళ్ళు కావాలని అర్థం, మనం అడిగిన ప్రశ్ననే అడగడానికి వాడుకుంటున్నాడు. దీన్ని ఎకోలాలియా అంటారు, అది ఖాళీ చిలకపలుకు కాదు, మాట నేర్చుకునే దారి. కొంతమంది ఇంట్లో ఒక్క భాషే మాట్లాడమని, స్కూలు భాష కోసం తెలుగు మానెయ్యమని సలహా ఇస్తారు. రెండు భాషల మధ్య పెరిగితే ఆటిజం పిల్లలకి మాట ఇంకా ఆలస్యమవుతుందని పరిశోధనల్లో తేలలేదు. అమ్మమ్మ మాట్లాడే భాష వాడికి దూరం చెయ్యకండి.

మాట అసలే రాని పిల్లలకి కార్డులు, బోర్డు, ట్యాబ్‌లో నొక్కితే పలికే యాప్ లాంటివి ఉన్నాయి, అన్నిటికీ కలిపి ఏఏసీ అంటారు. బొమ్మ కార్డు చేతికిచ్చి కావాల్సింది అడగడం నేర్పే పెక్స్ పద్ధతి 1985 నుంచి ఉంది. ఇవి వాడితే ఇక మాట్లాడరేమో అని అందరికీ భయం, నాకూ ఉండేది. అలా జరగదు, కొంతమందికి మాట ఇంకా పెరుగుతుంది కూడా. ఒకటే షరతు, ఆ ట్యాబ్ పిల్లాడి నోరు లాంటిది, అల్లరి చేశాడని లాక్కోకూడదు, ఆటల పీరియడ్‌లో బ్యాగులో పెట్టెయ్యకూడదు.

ఇక చప్పుళ్ళు, వెలుతురు, వాసన, తాకిడి. కొందరికి మరీ ఎక్కువ తెలుస్తాయి, కొందరికి మరీ తక్కువ, ఒకే పిల్లాడికి చప్పుడు ఎక్కువగా, నొప్పి తక్కువగా తెలియొచ్చు. చెవులకి పెట్టుకునే హెడ్‌ఫోన్లు, మిణుకుమనే ట్యూబ్‌లైట్ మార్చడం, మధ్యలో లేచి నడవనివ్వడం, చేతిలో పిసకడానికి ఏదో ఒకటి. నిశ్శబ్ద మూల శిక్ష పడ్డ పిల్లల్ని పంపే చోటు కాకూడదు, ఒక్కసారి అలా వాడారంటే ఇక వాడు అక్కడికి వెళ్ళడు.

స్టెప్ 8: "ప్రవర్తన బాలేదు" అని ఫోన్ వస్తే

రెండో స్కూల్లో ఉన్నప్పుడు మూడో పీరియడ్‌లో బల్ల కింద దూరి బయటికి రావట్లేదని కంప్లైంట్. రోజూనా అంటే రోజూ అన్నారు. నేను చిన్న నోట్‌బుక్ ఇచ్చి మూడు గళ్ళు గీశాను: ముందు ఏం జరిగింది, వాడేం చేశాడు, తర్వాత ఏం జరిగింది. టీచర్ పాపం ఎనిమిది రోజులు ఓపిగ్గా రాశారు. చూస్తే రోజూ కాదు, మంగళవారం, గురువారం మాత్రమే. ఆ రెండు రోజులూ ఆ టైములో కిటికీ కింద గ్రౌండ్‌లో వేరే క్లాసు వాళ్ళకి ఆటలు, సార్ ఈల ఊదుతున్నారు. ఈల ఎప్పుడు మోగుతుందో వాడికి తెలీదు, తెలియకపోవడమే భయం. సీటు అవతలి గోడకి మార్చారు, మంగళ గురువారాల టైమ్‌టేబుల్‌లో మూడో పీరియడ్ పక్కన ఈల బొమ్మ అంటించారు. రెండో వారానికి ఆ బొమ్మ చూడగానే వాడే హెడ్‌ఫోన్లు తీసి పెట్టుకుని రాసుకోవడం మొదలెట్టాడు. బల్ల కింద దూరడం ఆగిపోయింది.

మూడో గడి కూడా జాగ్రత్తగా చూడండి. అరిచిన ప్రతిసారీ బయటికి పంపుతుంటే, లెక్కలు తప్పించుకోవాలంటే అరవాలి అని పిల్లాడు నేర్చుకుంటాడు, మనమే నేర్పిస్తున్నాం. దానికి బదులు "బ్రేక్" అని ఒక కార్డు ఇచ్చి, అది చూపిస్తే వెంటనే రెండు నిమిషాలు వదిలెయ్యాలి, మొదట్లో పదిసార్లు చూపించినా సరే ఇవ్వాలి, నమ్మకం కుదిరాక తగ్గుతుంది.

ఉన్నట్టుండి ప్రవర్తన మారితే ముందు ఒళ్ళు చూడండి. పన్ను నొప్పి, చెవి పోటు, మలబద్ధకం, నిద్ర లేకపోవడం, వీటిలో ఏదున్నా చెప్పలేని పిల్లాడు తల బాదుకుంటాడు. ఆటిజం పిల్లల్లో మూర్ఛ కూడా మామూలు పిల్లల్లో కంటే ఎక్కువ, కొన్ని సెకన్లు చూపు నిలిచిపోయి పిలిచినా పలకట్లేదని టీచర్ చెప్తే పరధ్యానం అని కొట్టిపారెయ్యకుండా డాక్టర్‌కి చూపించండి. ఇంకొంతమంది, ముఖ్యంగా ఆడపిల్లలు, స్కూల్లో బంగారంలా ఉండి ఇంటికొచ్చి గంట సేపు ఏడుస్తారు. "మా దగ్గర ఏ సమస్యా లేదండీ" అంటుంది స్కూలు. రోజంతా బిగపట్టుకుని ఉన్నారని అర్థం, ఇంటి వీడియో చూపించి స్కూల్లో బ్రేక్‌లు అడగండి.

స్టెప్ 9: ప్లాను రాతలో ఉండాలి

పేరు ఐఈపీ అన్నా ఇంకేదన్నా సరే, చూడాల్సింది లక్ష్యం కొలవగలిగేలా ఉందా లేదా. "సామాజిక నైపుణ్యాలు మెరుగుపరచడం" అని రాస్తే ఏడాది తర్వాత జరిగిందో లేదో ఎవరూ చెప్పలేరు. "డబ్బా మూత రాకపోతే ఎవరూ గుర్తు చెయ్యకుండా హెల్ప్ కార్డు చూపిస్తాడు, ఐదుసార్లలో నాలుగుసార్లు, మూడు నెలల్లోపు, క్లాస్ టీచర్ రాసుకుంటారు" అంటే తెలుస్తుంది. నాలుగైదు లక్ష్యాలు చాలు. చదువు లక్ష్యం ఒకటైనా ఉండి తీరాలి, కుదురుగా కూర్చోడమే ఏడాది లక్ష్యమైతే వాడు చదువుకునేది ఎప్పుడు? మూడు నెలలకోసారి కూర్చుని చూసుకోండి, జరగనివి ఎందుకు జరగలేదో అడగండి, పిల్లాడి మీద తోసెయ్యనివ్వకండి.

షాడో టీచర్ గురించి. పక్కన ఒక మనిషి ఉంటే స్కూలుకి, మనకి కూడా నిశ్చింత, కానీ ఎప్పుడూ అతుక్కుని కూర్చుంటే క్లాస్ టీచర్ పిల్లాడితో మాట్లాడటం మానేస్తారు, పిల్లలు దగ్గరికి రారు. ఆ మనిషి క్లాసుకి సాయం, అవసరమైనప్పుడు దగ్గరికి, లేనప్పుడు దూరంగా, నెలనెలా కొంచెం తగ్గుతూ పోవాలి, ఇది ప్లానులోనే రాయించండి.

స్టెప్ 10: తోటి పిల్లలు

బాగా బాధపెట్టే విషయం ఇదే, ఈ పిల్లల్ని ఏడిపించడం మిగతా పిల్లల్ని ఏడిపించడం కంటే ఎక్కువ జరుగుతుంది, వీళ్ళు వచ్చి చెప్పరు. చిరిగిన పుస్తకం, పోయిన పెన్సిళ్ళు, బాత్రూముకి వెళ్ళనని మొండికెయ్యడం, ఇవి కనిపిస్తే అడగండి. డేమియన్ మిల్టన్ అని తనకే ఆటిజం ఉన్న పరిశోధకుడు 2012లో ఒక మాట రాశారు, అర్థం చేసుకోలేకపోవడం రెండు వైపులా ఉందని. ఆటిజం ఉన్నవాళ్ళకి మనం అర్థం కానట్టే మనకీ వాళ్ళు అర్థం కావట్లేదు, అలాంటప్పుడు నేర్పించడం ఒక్క వైపే ఎందుకు? కాబట్టి క్లాసు పిల్లలకి కూడా చెప్పాలి, "వాడు ఇలా ఎందుకు చేస్తాడంటే" అని, మీ అనుమతితో, వీలైతే మీ పిల్లాడి ఇష్టం కనుక్కుని. "పాపం" అనే మాట రాకుండా చెప్పమనండి. ఇంటర్వెల్‌లో ఊరికే వదిలేస్తే కలవరు, ఒక పని ఇస్తే కలుస్తారు. మా వాడికి లిఫ్టులు, ఇంకొకడికి బొమ్మలు గీయడం, ఇద్దరూ కలిసి పదహారు అంతస్తుల భవనం గీశారు, అంతస్తులు మా వాడు చెప్పాడు, తలుపులు ఆ పిల్లాడు వేశాడు. స్నేహం అక్కడే మొదలైంది.

పరీక్షలకి ఎక్స్‌ట్రా టైము, వేరే గది, రాసిపెట్టే మనిషి, టైపింగ్ లాంటివి దాదాపు అన్ని బోర్డుల్లోనూ ఏదో రూపంలో ఉంటాయి. ఏడాది మొదట్లోనే అప్లై చెయ్యండి, వాటిని క్లాసు పరీక్షల నుంచే వాడుతూ రండి.

స్టెప్ 11: స్కూలు కాదంటే

నోటిమాటగా కాదన్నప్పుడు గొడవ పడకుండా "అదే మాట కారణంతో సహా రాసివ్వండి" అని అడగండి. చాలాసార్లు అక్కడే మాట మారుతుంది. రాసిచ్చినా, ఇవ్వకపోయినా మీరు మెయిల్ పెట్టి, స్టెప్ 3లో రాసుకున్న కాగితం బయటికి తీసి ఆ అధికారికి పంపండి. ఒక్కరే వెళ్ళకండి, ఇలాంటి పిల్లలున్న ఇంకో అమ్మనో నాన్ననో తోడు తీసుకెళ్ళండి, ఇద్దరు అడిగితే వినే తీరు వేరు. అయినా పిల్లాడు రోజూ వణికిపోతుంటే ఆ స్కూలు మార్చెయ్యండి, హక్కు గెలవడం కోసం వాణ్ణి అక్కడ ఉంచొద్దు, కేసు నడుస్తుండగానే వేరే చోట చదివించొచ్చు.

స్టెప్ 12: క్లాసు మారేటప్పుడు

ఏడాదంతా కట్టిందంతా కొత్త టీచర్ వచ్చిన రోజు పోవడం మామూలే. సెలవులకి ముందే పాత టీచర్, కొత్త టీచర్ పది నిమిషాలు కలిసేలా అడగండి, కొత్త గది ఫోటోలు సెలవుల్లో ఇంట్లో గోడకి పెట్టండి, నోట్‌బుక్, ప్లాను, ఒక్క పేజీ కొత్త టీచర్ చేతికి మీరే ఇవ్వండి, ఆఫీసులో ఇస్తే చేరుతుందన్న నమ్మకం పెట్టుకోకండి. ఆ పేజీ ఏటా తిరగరాయాలి, పిల్లాడికి వయసొచ్చే కొద్దీ వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని రాయాలి. మాట్లాడలేకపోతే కార్డులతో అడగండి, ఇది ఉంచాలా తీసెయ్యాలా అని. ఈసారి మా వాడు లిఫ్టుల లైను తీసెయ్యమన్నాడు, ఇప్పుడు మ్యాపులట. తర్వాత కీబోర్డు తన వైపు లాక్కుని ఒక లైను తనే కొట్టాడు: "వెనక నుంచి పిలవొద్దు. ముందుకొచ్చి పిలవండి." ఏడేళ్ళలో ఆ సంగతి నాకు తెలీదు. దాన్నే మొదటి లైనుగా పెట్టాం.